ఆరు గంటలకు మోగిన కవాతు

సైబువా ఇంట్లో రెండు చేపల జాడీలుండేవి. ఒకటి ఆమెది. ఈశాన్యపు ఊళ్ళలో ఉప్పూ తవుడూ పట్టించి నెలల తరబడి ఊరబెట్టే చేప. రెండోది ఆమె మొగుడు నియోమ్‌ది. దక్షిణాన సముద్రపుటూళ్ళలో చేప పేగులతో పెట్టే పచ్చడి. రెండింటిలో దేని కంపు ఎక్కువ అన్న తగువు పెళ్ళినాటి నుంచీ తెగలేదు. సందులో జనం మాత్రం దాన్ని ఎప్పుడో తేల్చేశారు. వాళ్ళ గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడు రెండింటికీ కలిపి ఒకేసారి ముక్కు మూసుకునేవారు.

తగువు జాడీలతో ఆగిపోతే ఎంత బాగుండేది! ఆమెది ఎర్రచొక్కాల పార్టీ. ఆయనది సైన్యాన్ని వెనకేసుకొచ్చే పసుపుచొక్కాల పక్షం. బ్యాంకాక్‌లో నదికి ఇవతల, థొన్‌బురీ కాలువ గట్టున ఉన్న మా సందులో సగం మంది ఇటు, సగం మంది అటు. అయినా ఎవరింట్లో వాళ్ళు ఒకే రంగు. రెండు రంగులూ ఒకే దోమతెరలో పడుకునే ఇల్లు అదొక్కటే.

సైబువా ఈశాన్యాన రోయెట్ వైపు వరిపొలాల్లోంచి పడుచుతనంలోనే పట్నం వచ్చింది. సైనిక శిబిరం గేటు ఎదుట ఒక పూటకూళ్ళ దుకాణంలో గిన్నెలు తోమేది. హవల్దారు నియోమ్ రోజూ అక్కడికే భోజనానికి వచ్చి, "ఈ పళ్ళెం సబ్బు వాసనేస్తోంది" అని రోజూ పేచీ పెట్టేవాడు. ఒకరోజు ఆమె మోచేతుల దాకా నురగతో వంటింట్లోంచి వచ్చి, "సబ్బు వాసనొస్తే కడిగినట్టు. రాని రోజు అడుగు, చెబుతా" అంది. హవల్దారు ఆ మాటకే పడిపోయాడు. తుపాకీ పట్టినవాడిని పడగొట్టడానికి తుపాకీ అక్కర్లేదని మా సందు ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

పెళ్ళయ్యాక ఆమె సందు మొదట్లో పొద్దున్నే బొగ్గుల పొయ్యి పెట్టి, పంది మాంసం పుల్లలు కాల్చి, జిగురన్నంతో అమ్మడం మొదలుపెట్టింది. అలా ఉండగా ఊళ్ళో తల్లికి గుండె జబ్బు చేసింది. ఎర్ర పార్టీ ప్రభుత్వం కొత్తగా ఇచ్చిన ఆసుపత్రి కార్డుతో ఆపరేషన్ జరిగి, చచ్చిపోతుందనుకున్న తల్లి లేచి కూర్చుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మనవల మీద కేకలేస్తూ బతికింది. ఇక సైబువాని ఆ పార్టీ నుంచి విడదీయడం బ్రహ్మతరం కూడా కాలేదు. అటు నియోమ్‌కి అన్నం పెట్టింది సైన్యం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం కాదాయన. ఇద్దరి పట్టుదలా న్యాయమైందే. అదే అసలు చిక్కు.

సైబువా కష్టం ఏమిటంటే, ఆమె వేసిన ఓటు ఒక్కటీ నిలవలేదు. ఒకసారి ఆమె పార్టీ గెలిస్తే ట్యాంకులు రోడ్డెక్కాయి. ఇంకోసారి ఎన్నికే చెల్లదంది కోర్టు. మరోసారి ఏకంగా పార్టీనే రద్దు చేసి పారేసింది. నోటిదాకా వచ్చిన ముద్దను తట్టేయడం పెద్దలకి ఆటైపోయింది. చివరిసారి మరీ అన్యాయం. ఆ సారి ఓటు పెట్టెనే బయటికి రానివ్వలేదు. మెడలో ఈలలు వేసుకున్న పసుపు జనం పోలింగు జరగాల్సిన బడి గేటు ముందు చాపలు పరుచుకుని కూర్చున్నారు. సైబువా గుర్తింపు కార్డు చేత్తో పట్టుకుని వెళ్ళేసరికి, ముందు వరసలో నియోమ్ కనిపించాడు. అప్పటికి పదవీ విరమణ చేసి ఉన్నాడు. ఆయన మెడలోనూ ఈల ఉంది. భార్యని చూసి తల దించుకున్నాడు గానీ చాప మీంచి లేవలేదు.

ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది. మధ్యాహ్నం ఆయనకి కంచం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. ఆ మాట పెట్టడానికి నెలలు పట్టింది.

ఆ ఏడు వర్షాల కంటే ముందే మిలిటరీ మళ్ళీ దిగింది. సందులో ఎర్ర పార్టీ తరఫున నోరున్న ప్రతివాళ్ళనీ శిబిరానికి పిలిపించారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'వైఖరి దిద్దుబాటు'. నియోమే ఆమెని మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆమె బయటికొచ్చే దాకా గేటు దగ్గర ఎండలో నిలబడ్డాడు, నీడలోకి రమ్మని పాత స్నేహితులు పిలిచినా వెళ్ళలేదు. రాజకీయాల జోలికి పోనని సంతకం పెట్టించుకుని సైబువాని వదిలారు.

"ఏం చేశారే లోపల?" అన్నాడు నియోమ్.

"నా వైఖరికి ఇస్త్రీ చేశారు. మడత పోలేదు."

అప్పట్నుంచి ఆ ఇంట్లో రాజకీయం మాట్లాడకూడదన్నది నియమం. ఎవరూ పెట్టలేదు, ఇద్దరూ పాటించారు.

ఏళ్ళు గడిచాక మళ్ళీ ఎన్నికలన్నారు. వాయిదా వేశారు. మళ్ళీ అన్నారు. మళ్ళీ వాయిదా. చివరికి తేదీ నిజమయ్యేసరికి సైబువా గాలి కూడా భయంభయంగా పీల్చుకుంది. పొయ్యి దగ్గరకొచ్చిన ముసలీముతకా అందరికీ మాంసం పుల్ల చేతికిచ్చే ముందు ఒకే పాఠం చెప్పేది.

"ఇంటూ గుర్తు పెట్టాలి తాతా. రైటు కొడితే చెల్లదు."

"బళ్ళో పంతులు రైటు కొడితేనే కదమ్మా పాసయ్యేది!"

"ఇక్కడ తప్పు కొడితేనే పాసు. మన దేశం సంగతి తెలిసిందేగా."

ఎవరికి వెయ్యాలో మాత్రం చెప్పేది కాదు. ఆమె కోరిక గెలుపు కంటే చిన్నది. పెట్టె తెరవాలి, ఆఖరి కాగితం దాకా లెక్కపెట్టాలి, ఆ లెక్క గోడకి అంటించాలి, అది తన కళ్ళతో చూడాలి. ఇంత చిన్న కోరిక తీరని దేశంలో పుట్టినందుకు ఒక్కోసారి ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

ఎన్నిక రోజున పార్టీ రంగులు వేసుకోకూడదు కనుక ఆమె గులాబీ రంగు, ఆయన నీలం రంగు వేసుకున్నారు. నియోమ్‌ని పాత సైనికుడని పోలింగు బందోబస్తుకి వేశారు. నెత్తిన టోపీ, భుజాన పట్టీ, మెడలో ఈల. ఆ ఈల చూడగానే ఆమె మొహం గంటు పెట్టుకుంది.

"ఇది వేరే ఈలే. ప్రభుత్వం వాళ్ళిచ్చింది" అన్నాడాయన సంజాయిషీగా.

"ఈలకేం తెలుసయ్యా, ఊదేవాడికి తెలియాలి గానీ" అని ఆమె మోటారుసైకిలు ఎక్కింది.

ఓటింగు సాఫీగా జరిగింది. సాయంత్రం ఐదింటికి గేటు మూసి, అదే బడి కింది అంతస్తులో గోడల్లేని హాల్లో అందరి ఎదుటా పెట్టె తెరిచారు. మా దగ్గర లెక్కింపు బాహాటంగానే జరుగుతుంది. ఎవరైనా బల్ల చుట్టూ కట్టిన తాడుకి ఇవతల నిలబడి చూడొచ్చు. పోలింగు అధికారిణి రత్తికాన్ టీచరు ఒక్కో కాగితం విప్పి, నలుగురికీ కనబడేలా పైకెత్తి, ఓటు పడిన అభ్యర్థి నంబరు చదివి, "ఏడో నంబరు, చెల్లింది" అని అరుస్తుంది. ఇంకొకరు తెల్లబోర్డు మీద గీత గీస్తారు. నాలుగు నిలువు గీతలయ్యాక అడ్డగీత.

తాడు వెంట ఒక కొసన సైబువా, ఆమె పక్కన సందులో ఎర్ర పార్టీ పనులు చూసే కిరాణా కొట్టు కిమ్. రెండో కొసన పసుపు జనం, వాళ్ళకి పెద్ద గొంతు కొబ్బరిపాల కూరలమ్మే వాన్‌పెన్. ఎవరిది చెల్లితే వాళ్ళు చప్పట్లు, చెల్లని ఓటుకి అందరూ కలిసి ఉస్సురనడం. ఒక కాగితం మీద ఇంటూకి బదులు గుండె బొమ్మ వచ్చింది.

"ఎవర్రా ఈ ప్రేమికుడు!" అని వాన్‌పెన్ అరిచింది. హాలంతా నవ్వు.

సగం దాటేసరికి సైబువా పార్టీ వెనకబడింది. కిమ్ మొహం వాడిపోయింది. సైబువా చూపు మాత్రం బోర్డు మీంచి కదల్లేదు.

ఆరు కావస్తుండగా ఎండాకాలపు గాలివాన ఒక్కసారిగా విరుచుకుపడింది. పైకప్పు రేకులు దడదడలాడాయి. జల్లు హాల్లోకి కొట్టింది. బోర్డు తడవకుండా ఇద్దరు గొడుగులు అడ్డం పెట్టారు. అంతలో కరెంటు పోయి హాలంతా మసకేసింది.

రోజూ ఆరింటికి సందు లౌడ్‌స్పీకర్లో జాతీయగీతం వస్తుంది. ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడతాం. ఆ రోజూ బ్యాటరీ మీద స్పీకరు గరగరమంది. అందరూ అలవాటుగా చేతులు దించి నిటారుగా నిలబడ్డారు. కానీ వచ్చింది జాతీయగీతం కాదు. బూరలూ డప్పులూ దణదణమంటూ కవాతు బాజా.

ఆ వాయిద్యానికి అర్థం మా దగ్గర పాలు తాగే పిల్లలకీ తెలుసు. మిలిటరీ దిగినప్పుడల్లా టీవీలో సీరియళ్ళు ఆగిపోయి ఇదే మోగుతుంది. తర్వాత యూనిఫారాలు వరసగా కూర్చుని, 'ప్రజలారా, ఎప్పటిలాగే ఉండండి' అని చెబుతారు. ఇక ఏదీ ఎప్పటిలా ఉండదు.

బోర్డుకి అడ్డం పట్టిన గొడుగుల్లో ఒకటి ఎర్రది. పట్టుకున్నావిడ దాన్ని గబుక్కున ముడిచేసి వీపు వెనక్కి పెట్టేసుకుంది. ఎవరో నూడుల్స్ ప్యాకెట్లు అయిపోతాయని కొట్టువైపు పరుగెత్తారు. కిమ్ ఫోను టింగుమంది. అందులో ట్యాంకు బొమ్మ.

"ట్యాంకులు దిగాయట! ఫొటో కూడా పెట్టారు!"

సైబువా తాడుని గట్టిగా పట్టుకుంది. మళ్ళీనా, అనుకుంది. ఎన్నిసార్లు!

రత్తికాన్ టీచరు చేతిలోని కాగితాన్ని మడిచేసింది. "ఇక చాలు. మిగిలినవి పెట్టెలో వేసి సీలు వేద్దాం. జిల్లా ఆఫీసుకి పంపేస్తా. ఆ పైన వాళ్ళ ఇష్టం" అంది.

"వద్దు టీచరమ్మా" అంది సైబువా.

"పెద్దమ్మా, నాకు ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు. రేపు నన్నడుగుతారు, ఎవరు లెక్కపెట్టమన్నారని."

"లెక్కపెట్టకుండా పోయిన పెట్టె మళ్ళీ రావడం నువ్వెప్పుడన్నా చూశావా తల్లీ?"

కిమ్ ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "అక్కా, నీకేమన్నా పిచ్చా? మనం వెనకున్నాం. లెక్క ఆగిపోతే మనం ఓడనట్టేగా! మిలిటరీ ఆపేసిందని రేపు ఊరంతా చెప్పుకోవచ్చు. నోరు మూసుకో."

సైబువా అతని చెయ్యి విదిలించింది. "ఓడిపోతున్నామని పెట్టె మూయించే పనైతే వాళ్ళకీ మనకీ తేడా ఏంట్రా కిమ్? వాళ్ళ ఓట్లు ఓట్లు కావా? వాన్‌పెన్ ముసలమ్మ మోకాళ్ళ నొప్పితో వచ్చి వేసింది, నేను చూశా."

"నేను ముసలమ్మనా?" అంది వాన్‌పెన్ అవతలి నుంచి. కానీ ఆమె గొంతులోనూ మునుపటి జోరు లేదు. మిలిటరీ దిగితే పసుపు వాళ్ళు పండగ చేసుకోవాలి కదా. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వాళ్ళూ పొద్దున్నే లేచి, వరసలో నిలబడి, వేలు కందిపోయేలా ఇంటూ గుర్తు పెట్టి వచ్చినవాళ్ళే.

సైబువా తాడు దాటలేదు. నియమం నియమమే. తాడుకి ఇవతలే, బల్లకీ గేటుకీ మధ్య దారికి అడ్డంగా తడి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "పెట్టె పోవాలంటే నన్ను దాటుకుని పోవాలి. ఈ గేటు దగ్గర కూర్చోవడం మావాళ్ళకి తెలియదనుకున్నారా? చూసి నేర్చుకున్నాం" అంది.

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది.

అప్పటికి అందరి చూపూ నియోమ్ మీదే ఉంది. పాత హవల్దారు. ఏమన్నా కబురుంటే ఆయనకే తెలియాలి. పెట్టె జిల్లాకి మొయ్యాల్సి వస్తే మొయ్యాల్సిందీ ఆయనే. ఆయన టోపీ సర్దుకుని మెల్లగా బల్లవైపు నడిచాడు. సైబువా మొగుడి మొహం చూడలేక తల తిప్పుకుంది. ఈసారి కూడా ఈయన చేతుల మీదుగానే పోతుందా నా ఓటు, అనుకుంది.

నియోమ్ పెట్టె ముట్టుకోలేదు. ఈల నోట్లో పెట్టుకుని చెవులు గింగురుమనేలా ఊదాడు. కవాతు ఇంకా మోగుతూనే ఉంది గానీ, హాలంతా ఆయన వైపు తిరిగింది.

"టీచరుగారూ, ఈ పెట్టెకి నేను కాపలా. కాపలావాడు డ్యూటీ దిగాలంటే పైనుంచి ఆర్డరు రావాలి. నాకు ఏ ఆర్డరూ రాలేదు. పాటలు వస్తే వచ్చాయి, పాటలు ఆర్డర్లు కావు. లెక్కపెట్టండి."

"కరెంటు లేదండీ. ఏం కనిపించి చావడం లేదు" అంది టీచరు ఏడుపుగొంతుతో.

నియోమ్ వానలోకి వెళ్ళి మోటారుసైకిలు స్టార్టు చేసి, తిన్నగా హాల్లోకి నడిపించుకొచ్చాడు. హెడ్‌లైటు వెలుగు నేరుగా బోర్డు మీద పడేలా నిలబెట్టాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "లే. నేల తడిగా ఉంది, నడుం పట్టేస్తుంది. పెట్టె ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆమెకి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని లేస్తుంటే సైబువా కళ్ళు చెమర్చాయి. అప్పుడెప్పుడో ఆ గేటు ముందు లేవని మనిషి ఇప్పుడు తనని లేపుతున్నాడు. ఆమె మనసులో ఏళ్ళ తరబడి గడ్డకట్టిన కోపం అక్కడే, ఆ తడినేల మీదే కరిగిపోయింది.

"మూడో నంబరు, చెల్లింది!" టీచరు గొంతు ముందు సన్నగా పలికింది. రెండో కాగితానికి నిలదొక్కుకుంది. కవాతు దరువుకి తగ్గట్టు "ఏడో నంబరు, చెల్లింది! ఏడో నంబరు, చెల్లింది!" అని కాగితం మీద కాగితం ఎత్తుతుంటే, భయపడుతూనే జనం నవ్వడం మొదలుపెట్టారు. ఎర్ర గొడుగావిడ గొడుగు మళ్ళీ విప్పింది.

ఉన్నట్టుండి కవాతు తెగిపోయింది. స్పీకర్లో పొడి దగ్గు వినిపించింది. అది స్పీకరు నడిపే చువాయ్ తాతది.

"ఎహె... సందు ప్రజలకి విన్నపం. చీకట్లో వేరే మీట నొక్కాను. అది బడి పిల్లల ఆటల పోటీలకి తెచ్చిన కవాతు. ఎక్కడ ఆపాలో తెలీక ఇంతసేపూ వెతుక్కుంటున్నా. క్షమించాలి. ఇదిగో, జాతీయగీతం."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి గీతం మొదలైపోయింది. ఇక కదలకూడదు, నవ్వకూడదు. టీచరు పైకెత్తిన కాగితం పైకెత్తినట్టే నిలబడిపోయింది. గీతమయ్యేదాకా ఆ కాగితం మీది ఇంటూ గుర్తు హెడ్‌లైటు వెలుగులో ఊరందరికీ దర్శనమిచ్చింది. అందరూ నిటారుగానే ఉన్నారు, భుజాలు మాత్రం నవ్వు ఆపుకోలేక ఊగుతున్నాయి. కిమ్ ఫోనులో ట్యాంకు మరోసారి చూసుకున్నాడు. ట్యాంకు మీద పసిపిల్లలు ఎక్కి బెలూన్లు పట్టుకుని ఉన్నారు. పిల్లల పండగకి సైన్యం ట్యాంకులు ఎక్కనిచ్చినప్పటి పాత ఫొటో.

గీతం అయిపోగానే హాలు పగిలిపోయేలా నవ్వారు. వాన్‌పెన్ నవ్వలేక నడుం పట్టుకుని కూలబడింది. "తాత ఒక్క మీటతో ప్రభుత్వాన్ని పడగొట్టాడ్రోయ్! ఇంతమంది జనరల్సూ ఎందుకు దండగ!"

కాసేపటికి ఆఖరి కాగితం విప్పారు. ఖాళీ పెట్టెని తిరగేసి అందరికీ చూపించారు. గీతలు కూడితే, ఆ కేంద్రంలో సైబువా పార్టీ పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

కిమ్ చేతిలో గొడుగు నేలకేసి కొట్టాడు. "నీవల్లే అక్కా! నోరు మూసుకుని ఉంటే మన పరువు దక్కేది" అని విసవిసా వెళ్ళిపోయాడు. పసుపు జనం కేకలూ ఈలలూ. టీచరు లెక్క కాగితం మీద సంతకం పెట్టి గోడకి అంటించింది. సైబువా అందరికంటే ముందు వెళ్ళి దాని ఎదుట నిలబడింది. వేలితో వరసలు తడుముతూ చదివింది. తమ నంబరు, దాని ఎదుట అంకె. వాళ్ళ నంబరు, దాని ఎదుట అంకె. చెల్లనివి. మొత్తం. అన్నీ సరిపోయాయి.

నియోమ్ భయంభయంగా పక్కన చేరాడు. భార్య ఏడుస్తోందనుకున్నాడు. తీరా చూస్తే ఆమె మొహం దీపంలా వెలిగిపోతోంది.

"ఏమే, ఓడిపోయావు తెలుసా?"

"తెలుసయ్యా! చదవడం రాదా నాకు? ఓడిపోయాను!" అంది సైబువా, లాటరీ తగిలినంత సంబరంగా. "ఇన్నేళ్ళూ నన్ను ఓడనిచ్చారా వీళ్ళు? గెలిస్తే దోచుకున్నారు, వెయ్యబోతే తరిమేశారు. ఓడే భాగ్యం కూడా దక్కలేదు నాకు. ఇవాళ లెక్కపెట్టి ఓడించారు. లెక్కపెట్టి ఓడించినోళ్ళని లెక్కపెట్టే ఓడిస్తాను. అంతే కదా?"

నియోమ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "అంతే" అన్నాడు. ఏళ్ళ తర్వాత ఆ మొగుడూపెళ్ళాలు రాజకీయం మీద ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క మాట మీదే.

సైబువా వెనక్కి తిరిగి, వాన వెలిసిన గేటు దగ్గర గంతులేస్తున్న పసుపు జనం మీదికి సందు మొదట్లో పుల్లలమ్మే గొంతుతో ఒక కేక వేసింది.

"వాన్‌పెన్! వచ్చేసారి చూసుకుందాం!"

గంతులు ఆగాయి. వచ్చేసారి. ఎన్నేళ్ళయిందో మా సందులో ఆ మాట ఎవరి నోటా విని. వచ్చేసారి అనేది ఒకటుంటుందని నమ్మే ధైర్యం రెండు రంగుల్లోనూ ఎవరికీ మిగల్లేదు. వాన్‌పెన్ గుంపులోంచి రెండడుగులు ముందుకొచ్చింది. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అంతకంటే గట్టిగా అరిచింది.

"రావే రా! వచ్చేసారీ మేమే!"

"చూద్దాంలేవే!" అంది సైబువా.